ఓంకారన్న దావత్ మేక

దేవదాసు మాటలు కోటలు దాటుతాయని అరబ్బుల ఊరు రుస్తాఖ్‌లో ఆ చాయ్ దుకాణం ముందు కూర్చునే మనవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ శుక్రవారం సాయంత్రం అందరూ అతని నోటికేసి కాదు, చేతులకేసి చూశారు. తెల్లారితే ఓంకార్ నౌకరీ చాలించుకుని జగిత్యాల వెళ్ళిపోతున్నాడు. ఆయన వీడ్కోలు దావత్‌కు మేకను తెస్తానని పొద్దున్నే కోరుట్ల జావెద్ బండెక్కి పక్క ఊరి మేకల వేలానికి పోయిన దేవదాసు ఉత్త చేతులతో దిగాడు. అక్కడ రూమ్‌లో మసాలా నూరిపెట్టి ఉంది.

దేవదాసు ఈ దేశానికి వచ్చిన కొత్తలో గోడకు తిరిగి ఏడుస్తుంటే తన పళ్ళెంలోంచి ముద్ద కలిపి పెట్టిన మనిషి ఓంకార్. అలాంటివాణ్ణి ఆఖరి పూట పప్పుతో సాగనంపాలా అని దేవదాసుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. సిగ్గేస్తే నోరు మూసుకునే రకమా మరి!

"మేకేదే?" అన్నాడు బెంచీ మీది అంజి.

"చెప్తున్న గద, చాయ్ తాగనియ్యి. ఈడి వేలం మన అంగడి లెక్క కాదు. కొనెటోళ్ళు గుండ్రంగ కూసుంటరు, అమ్మెటోళ్ళు మేకల తాడు వట్టుకొని వాళ్ళ సుట్టు తిప్పుతరు. నాకు ఒక్కటే నచ్చింది. నల్లది, దూడంత ఉంది. దాన్ని తిప్పే ముసలాయన చెయ్యి మీద నా రుమాలు కప్పిన. మన అంగట్ల దళారుల లెక్క లోపట వేళ్ళు వట్టి బేరం షురూ జేసిన."

"అరబ్బులకు వేళ్ళ బేరం ఎట్ల తెలుస్తదే?"

"నా వేలు వడ్డంక తెల్వకుంటుంటదా? ఒక్క వేలు నొక్కితే సగానికి దిగిండు. రెండు నొక్కితే పిల్లల్ని గూడ తీస్కపొమ్మన్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వేలం బందైంది! అందరు లైన్ కట్టి నా రుమాలు కింద చేతులు వెట్టిండ్రు. సంతంత నాదే!"

"మరి గవన్ని ఏవే?"

"యాడ కట్టేస్త? అన్ని వాపస్ ఇచ్చి నల్లదాన్ని ఉంచుకున్న. తాడు వట్టంగనే నన్ను ఈడ్సుకుంట ఉరికింది సూడు, జావెద్ బండి ఎనకవడ్డది. సోహార్ పోర్ట్ కాడ గని ఆగలే. ఆగి, నా మొఖం సూసి ఏడ్సింది."

"ఏడ్సిందా?" అని ఎదురుగా చాయ్ తాగుతున్న ఓంకార్ పొలమారి దగ్గాడు.

"నీ మీద ఒట్టన్నా! గప్పుడు దాని చెవుల చెప్పిన. బిడ్డా, నిన్ను కోస్తే అన్నకు ఒక్క పూట కూర, సీదా జగిత్యాల పో అని. దుంకింది సముద్రంల! ఓడలు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చినయ్. నువ్వు ఇల్లు చేరేసరికి నీ వాకిట్ల ఉంటది, పాలు గూడ ఇస్తది."

అప్పటిదాకా కప్పులోంచి తలెత్తని జావెద్ ఇక ఆగలేకపోయాడు.

"దేవదాసన్నా, నిజం నేను చెప్పాల్నా? రుమాలు కింద చెయ్యి వట్టేసరికి ముసలాయన ప్రేమనుకున్నడు. తాడు కొడుక్కిచ్చి, ఈయన్ని పక్కన కూసోవెట్టుకుండు. ఇంట్ల అందరు మంచిగున్నరా అని ఒక్కొక్కల్ని అడిగిండు, ఖర్జూరాలు తినిపిచ్చిండు, అరబ్బుల కాఫీ కహ్వా తాపిండు. చెయ్యి మాత్రం ఇడువలే. గుంజుకుంటే ఏమనుకుంటడో అని ఈయన గట్లనే కూసున్నడు. కొడుకు నల్లదాన్ని ఇంకోళ్ళకు అమ్మిండు. వేలమే అయిపోయింది!"

బెంచీలు ఊగేలా నవ్వారందరూ. దేవదాసు ఓంకార్ దగ్గరికి వచ్చాడు.

"తప్పయిందన్నా. నీకు కడుపునిండ కూర పెట్టి పంపుదామనుకున్న."

ఓంకార్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా తడి ఆరలేదు.

"కూర యాడనైన దొరుకుతదిరా. సముద్రంల మేకను ఈదిచ్చెటోడు నాకు జగిత్యాలల యాడ దొరుకుతడు?" అని జరిగి, దేవదాసును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇగ చెప్పు. దుంకినంక ఏమైంది?"