ఒకటే పైపుకు రెండు సింకులు

"తాతా, గోడకు ఆపక్క ఒక సింకు, ఈపక్క ఒక సింకు పెడదామంటాండాడు ప్లంబరు. రెండింటికీ ఒకటే పైపు సాలంట. సాలునా?"

ఏందీ, ఒకటే పైపా? సాలుతాది పాపా, ఎందుకు సాలదు? వాటం సరిగ్గా ఉండాల, అంతే. వాటమంటే తెల్సు గదా, నీళ్లు నిలవకుండా పారేటట్ల పైపు దించుకుంటా పోవాల. నంద్యాల్లో నలభై ఏండ్లు ఇదే పని జేసినా, నాకు తెలీదా. తెల్సు గానీ... ఒకసారి నేనే తప్పు జేసినా పాపా.

మీ నాయన అప్పుడు పదో తరగతి. కాదు కాదు, పదోది అయిపోయి ఐటీఐలో చేరిన ఏడు. ఆళ్లగడ్డలో అన్నదమ్ములిద్దరు, సేద్యం మనుషులు, ఇల్లు నడిమికి పంచుకున్యారు. పెద్దాయన పెండ్లాము వెంకటసుబ్బమ్మ, చిన్నాయన పెండ్లాము రత్నమ్మ. తోడికోడళ్లకు మాటల్లేవు, రెండేండ్లాయ. ఎందుకంటే ఏం జెప్పల్ల, ఎండబెట్టిన మిరపకాయలు వానకు తడిసినాయంట, నువ్వు తియ్యలేదంటే నువ్వు తియ్యలేదని. అంతే.

ఆ ఇంట్లో మొదట అందరికీ ఒకటే జాలారి. బండలు పరిచి, పక్కన నీళ్లతొట్టి, తానాలు ఆన్నే, పండ్లు తోముకునేది ఆన్నే. మనకూ అంతే గదా. మీ అవ్వ కుంకుడుకాయలు కొట్టి తల రుద్దుతాంటే మీ నాయన వీధి ఇనపడేటట్ల అర్సేటోడు... ఇప్పుడు సూడు, బాత్రూమంటే తలుపేసుకునేదే. యాడికో పోయినా. ఆ, ఆ జాలారికి నడుమ గోడ లేపి రెండు బాత్రూములు జెయ్యమన్యారు. గోడకు ఆపక్క సింకు, ఈపక్క సింకు, ఇదో నీ మాదిరే. ఒకటే పైపులో కలిపితి.

మరుసటి దినం మన చర్చిలో పండగ. ఇంటికి పోవాలనే తొందర. మట్టం పెట్టి సూడలే, కంటితోనే సూసి పైపు పూడిస్తి.

పది దినాలు కాలే, కబురొచ్చె. రత్నమ్మ పండ్లపొడితో తోముకోని ఉమ్మితే, ఆ ఎర్రనీళ్లు గోడకు ఈపక్క వెంకటసుబ్బమ్మ సింకులో పైకొచ్చినాయంట. ఈమె సింకు రవ్వంత కిందికుండె, దానికి. ఈమె ఏమనుకునె? "కావాలనే నా మొగాన ఉమ్ముతాంది" అనె. ఆమెకు రోషమొచ్చి తన సింకులో బిందెడు నీళ్లు కుమ్మరిచ్చె. పెద్దాయన గడ్డపార ఎత్తుకోని పైపు పగలగొడ్తానని లేచె, తమ్ముడు అడ్డం పాయ. అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చినారు పాపా.

బస్సులో పోతాంటేనే నాకు అర్థమైపాయ, పైపు వాటం లేదని. కాలవలో ఏదో అడ్డం పడిందనొచ్చు. ఎవురికి తెలుస్తాది? శిరివెళ్ల దాటేదాకా అదే చెప్దామనుకుంటాంటి. ఆళ్లగడ్డలో దిగి వాకిట్లోకి పోతే, నలుగురూ నాలుగు దిక్కులు సూస్తాండారు. నోట్లో మాట మారిపాయ. "తప్పు నాది అన్నా. ఆయమ్మది గాదు, ఈయమ్మది గాదు" అంటి.

పెద్దాయన గడ్డపార ఆన్నే పడేసె. "నీ పనికి నా తమ్ముణ్ణి ఎన్ని మాటలంటిని రా!" అనె. నేను ఆ గడ్డపారే ఎత్తుకుంటి.

మధ్యాన్నందాకా బండలు లేపి, పైపు దించి, వాటం పెడ్తి. రెండు సింకుల పైపులు ఒకే తావున కలపకుండా ఒకటి పైన, ఒకటి కింద కలిపితి. ఇంక సూడాల గదా, ఇద్దరూ ఒకేసారి పోస్తేనే తెలుస్తాది. నేను బయట కాలవలో కూచోని, "అమ్మా, ఇద్దరూ పొయ్యండి" అని అరిస్తి. ఈమె పోసేటప్పటికి ఆమె ఆగె, ఆమె పోసేటప్పటికి ఈమెది అయిపాయ. మూడుసార్లు అంతే.

నాలుగోసారి గోడకు ఈపక్కనుంచి వెంకటసుబ్బమ్మే, "రత్నా... పోస్తాండా, నువ్వూ పొయ్యి" అనె.

ఆపక్క బిందె ఎత్తిన సప్పుడాయ.

"పోస్తాండాక్కా."

నీళ్లు దబదబా వచ్చి నా కాళ్ల మీద పడె. "నీకు పైకొచ్చిందా?" "రాలేక్కా, నీకో?" "నాకూ రాలే." మల్లొక బిందె పోసిరి, మల్లొకటి. సాలమ్మా అని నేను అనలే పాపా. తడుస్తా ఆన్నే కూచుంటి.

ఆ దినం నాకు సంగటి పెద్దామె ఇంట్లోది, పుండుకూర, అదే గోంగూర, చిన్నామె ఇంట్లోది. గోడ మటుకు తియ్యలేదులే, అది అట్లే ఉండె. ఏం గొడవలు రాకుండా ఉంటాయా, వస్తాండె. కానీ పొద్దున పండ్లు తోముకుంటా గోడకు అటొకరు ఇటొకరు మాట్లాడుకునేటోళ్లంట, చిన్నాయనే జెప్పె నాకు.

వెంకటసుబ్బమ్మ కాలం జేసినప్పుడు నేనూ ఆళ్లగడ్డకు పోయినా. రత్నమ్మ నన్ను సూసి, "యోసేపన్నా, పొద్దున లేస్తే ఆపక్క నీళ్ల సప్పుడే లేదన్నా" అనె. అంతే అనింది...

ఏమోలే పాపా, నీ ప్లంబర్ని మట్టం పెట్టి సూడమను. సల్లగుండు తల్లీ, పిల్లాజెల్లాతో...