పుర్రెలోని ఇనుప తీగ

1989 ఆగస్టు ఒకటో తేదీన మా సంస్థ శిలాజ విభాగంలో సహాయకురాలిగా చేరిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వెనకాల మేమంతా వారిని పుర్రెలమ్మ అనేవాళ్లం. ఆ సంగతి వారికి తెలుసు.

వారికి పని నేర్పినవారు అప్పటి విభాగాధిపతి, మా అందరికీ పెద్దసారు. ఆ రోజుల్లో రాతిలో ఇరుక్కున్న సరీసృపం పుర్రెను సూదితో, చిన్న ఉలితో విడదీసేవారు. లోపల ఏముందో చూడాలంటే పుర్రెను కోయాలి. కోస్తే పుర్రె మిగలదు. కోయకుండా చూడాలన్న పట్టుదలే మేడమ్ గారిని స్కానింగ్ వైపు నడిపించింది.

అప్పటికి సంస్థకు సొంత యంత్రం లేదు. ఆదివారాలు రోగులు లేని వేళ ఒక ఆసుపత్రివారు తమ సి.టి. స్కానర్ వాడుకోనిచ్చారు. మొదటిసారి పుర్రెను దూదిలో చుట్టి తీసుకువెళ్లినప్పుడు నేను వెంట ఉన్నాను. టెక్నీషియన్ కంప్యూటర్ ముందు కూర్చుని, "పేషెంటు వయసెంతండీ?" అన్నాడు.

"ఇరవై రెండు కోట్ల ఏళ్లు బాబూ."

"అన్ని సున్నాలు పట్టవండీ. ఆడా, మగా?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాం?"

అతను 'తొంభై తొమ్మిది, మగ' అని కొట్టి, "కాసేపు ఊపిరి బిగబట్టమనండి" అన్నాడు.

తరువాత సంస్థకు సొంత స్కానర్ వచ్చింది. ఆ స్కానింగ్ విభాగానికి మేడమ్ గారే అధిపతి అయ్యారు. పొర పొరగా వచ్చే వందల చిత్రాల్లో చెవి లోపలి నాళాల అంచులు చేత్తో గీసి, ఆ జంతువు తల ఎత్తి నడిచేదో, దించి నడిచేదో చెప్పేవారు. "చచ్చిన బల్లి తలలో ఏముందో చెబుతుంది. నా తలలో ఏముందో ఇంతవరకూ అడగలేదు" అని వారి భర్తగారు మా దగ్గర వాపోయేవారు.

2006లో పెద్దసారు డెబ్బై అయిదో పుట్టినరోజుకు కానుకగా ఇద్దామని మేడమ్ గారు మా సంస్థ ముందు హాల్లో ఉంచిన పుర్రెను స్కాన్ చేశారు. అది పెద్దసారు స్వయంగా తవ్వి తీసి, ముక్కలు అతికి నిలబెట్టిన పుర్రె. దాని ఆధారంగానే ఒక కొత్త జాతిని ప్రకటించారు. వారి పేరు నిలిచింది దానితోనే. చిత్రాల్లో నడినెత్తి వెనక ప్లాస్టర్ పొర, అందులో ఇనుప తీగ కనిపించాయి. అతుకు వింత కాదు. కానీ ముందు ఎముకలోని నరాల దారులు వెనక ఎముకలో కొనసాగలేదు. ముందు భాగం ఒక జంతువుది, వెనక భాగం మరొక జంతువుది. ఆ కొత్త జాతి ఎన్నడూ లేదు.

డైరెక్టరు గారు, "పెద్దాయన పోయాక రాద్దాంలేమ్మా, తొందరేముంది?" అన్నారు.

"పోయాక రాస్తే ఆయన జవాబు చెప్పుకోలేరు సార్."

ఆ చిత్రాలు తీసుకుని మేడమ్ గారూ నేనూ పెద్దసారు ఇంటికి వెళ్లాం. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే చూశారు.

"తీగ పెట్టింది నేనే. రెండు ముక్కలూ ఒకే గుంటలో దొరికాయి అమ్మాయ్."

"తెలుసు సార్. ఎవరైనా ఒకటే అనుకుంటారు."

"నువ్వు అనుకోలేదుగా."

చిత్రాలు తిరిగి చేతికిచ్చి, "రాసుకో" అని లోపలికి వెళ్లిపోయారు.

మేడమ్ గారు రాశారు. పెద్దసారు అంత జాగ్రత్తగా రాతిలోంచి తీయకపోతే ఆ తప్పు తెలిసేదే కాదని మొదటి పేరాలోనే రాశారు. అచ్చయిన ప్రతిని తీసుకువెళితే కోడలు తలుపు సగం తెరిచి, "మామగారు పడుకున్నారండీ" అంది. లోపల రేడియో మోగుతోంది. వీధిలోకి వచ్చాక మేడమ్ గారు, "నిద్రలో వార్తలు వింటున్నారు" అన్నారు. నవ్వబోయి, నవ్వలేకపోయారు. ఆ తరువాత ప్రతి నెలా వెళ్లారు. ప్రతి నెలా అదే మాట. మూడో ఏడు పెద్దసారు కాలం చేశారు. అప్పటిదాకా ఇద్దరి మధ్యా మళ్లీ మాట లేదు.

ఆ తరువాత మేడమ్ గారు ఎన్నో పుర్రెలను చదివారు, ఎందరికో పని నేర్పారు. తాము రాసినది తప్పని ఎన్నడూ అనలేదు, గెలిచామనీ అనలేదు. ముందు హాలు గుండా రావడం మానుకుని పక్క మెట్ల మీదుగా వచ్చేవారు. మేము కారణం అడగలేదు.

మొన్న వీడ్కోలు సమావేశంలో కొత్తగా చేరినవారు నాలుగు మాటలు చెప్పమన్నారు. వారు మూడే చెప్పారు. "మీ మిషన్లు మా వాటికంటే మంచివి. నేను గీసిన వాటిలో తప్పులు దొరుకుతాయి. దొరికితే ఇంటికి పట్టుకురండి, నేను పడుకుని ఉండను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవలసిన చోటని తోచలేదు.

మేడమ్ గారికి, వారి భర్తగారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలని సంస్థ పక్షాన కోరుకుంటున్నాను. మా పని మేము సరిగా చేస్తే వారి తప్పు ఏదో ఒకటి దొరకకపోదు. పట్టుకుని వస్తాం. ఎన్నేళ్ల తరువాత వచ్చినా, తలుపు వారే తీయాలి.