అవతలి గోడ దాకా

గ్రాన్ సాసో కొండ అడుగున తవ్విన ప్రయోగశాలలో, ఆకాశం నుంచి వచ్చే కిరణాల జాడ పట్టే డిటెక్టర్ తెర ముందు ఆమె, ఆమె పైఅధికారి ఇద్దరే కూర్చున్నారు. మూడేళ్లుగా ఆ డిటెక్టర్ తీగలు బిగించిన ఆమెకు అక్కడ అదే ఆఖరి రోజు.

"మళ్లీ సగంలోనే ఆరిపోయిందండీ, కిరణం గీత."

"లోపల ఇంకా కాస్త ఆక్సిజన్ ఉంది. గ్యాసులో కిరణం విడగొట్టిన ఎలక్ట్రాన్లను తీగల దాకా చేరనీకుండా అదే మింగేస్తోంది."

"ఈ గ్యాసంతా వదిలేసి కొత్తది నింపితే?"

"ఇంత అరుదైన గ్యాసు కొత్తది దొరకొద్దూ? అందుకేగా ఉన్నదాన్నే తిప్పి తిప్పి వడకడుతున్నాం. తిరిగొచ్చినప్పుడల్లా ఇంకాస్త తేటపడుతుంది."

"నేను వెళ్లేలోపు తేటపడుతుందంటారా?"

"కాఫీ తాగు. చూద్దాం."

చాలాసేపటికి తెర మీద సన్నటి గీత ఒకటి మొదలై, ఆగకుండా అవతలి గోడ దాకా సాగింది. ఆమె కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది.

"కొండంతా దాటుకుని వచ్చింది కదండీ! పైన మంచు కురుస్తోందేమో."

"కురుస్తూనే ఉంటుంది. కోటు వేసుకో, స్టేషన్లో దింపుతాను."

"ఇంకొక్కటి చూసి వస్తానండీ."