ఎల్లప్ప తలకాయకు కాపలా

పత్తర్‌గట్టి సందులో దుర్గయ్య చాయ్, బజ్జీల బండి దగ్గర ఎల్లప్ప నోరు తెరిచాడంటే అందరి చాయ్ చల్లారాల్సిందే. దుర్గయ్య చాయ్‌కి అదేమీ పెద్ద నష్టం కాదు. ఎల్లప్పది కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ గది తలుపు తీసి మూసే ఉద్యోగం. ఎనభై ఏడో సంవత్సరంలో అంతమాత్రం చాలు, మా సందుకు అతనే ఇంజనీరు. నేను ఎవరినీ ఏమీ అనను గానీ, ఆ బుధవారం విన్నది విన్నట్టు చెబుతాను.

"నేనేం గొప్పలు చెప్తలేనన్నా. ఒక చిన్న ప్రోగ్రాం రాసిన, గంతే. ముష్తాక్ భాయ్ షేర్వానీల దుకాణంల కంప్యూటర్ పెట్టిండు గదా, గిరాకుల కొలతలన్నీ అండ్ల దాచాలె. నాకెవరు నేర్పిన్రు? ఎవ్వరు నేర్పలే. ఆఫీసుల ఒక ఇంగ్లీషు పుస్తకం పారేసిన్రు, సగం ఎలుకలు కొట్టినయ్. ఉన్న సగం చదివిన, ఎలుకలు తిన్న సగం నేనే ఊహించుకున్న."

"ఆ ఎలుకలనే పెట్టుకుంటే ముష్తాక్ భాయ్‌కి ఇంకా చవకగా అయ్యేది," అన్నాను.

"నవ్వకన్నా. పక్క దుకాణపోడు కొలతలు ఎత్తుకపోతే? అందుకని గిరాకి పేరు చూసి ఒక సూత్రం కట్టిన. ఆ సూత్రం లెక్కన ప్రతి కొలతల కెల్లి కొంత తీసేసి దాచుడు, చూపెట్టేటప్పుడు మళ్ల కలుపుడు. ఆ సూత్రం ఏడ రాసుకున్న? ఏడ రాసుకోలే. అంత ఈడనే!" అని తలమీద తట్టుకున్నాడు. "ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"నూనె కాగింది," అన్నాడు దుర్గయ్య.

"మిషన్‌కు నా తెలివి అంటుకున్నది! గిరాకి దుబాయ్‌ల బిర్యానీ ఎక్కువ తింటే, ఈడ వాని నడుము కొలత పెరుగుతున్నది. ఇంక టేపెందుకు? పాత కొలతల పుస్తకాలు అమ్మి పారెయ్ భాయ్, ఫికర్ జెయ్యకు అన్న. అమ్మేసిండు."

"అది నిజమే," అన్నాడు దుర్గయ్య, మిరపకాయ బజ్జీని కాగితంలో పెట్టి అతనికి అందిస్తూ. "నేనే కొన్న. రెండు బస్తాలు."

"ఖబర్ ఢిల్లీ దాంక పోయింది. మా ఇంటి ముంగట నాలుగు జీపులు. ఆ సూత్రం రాసిన కాగితం ఇయ్యి ఎల్లప్పా, రాకెట్‌కు కావాలె అన్నరు. కాగితమా? నా తలకాయనే కాగితం అన్న. పెద్దాఫీసరు వణికిండు. ఆ రోజు సంది నా తలకాయకు ఇద్దరు సిపాయిల కాపలా. జుట్టు కత్తిరించాలంటే మంగలి ఢిల్లీ కెల్లి దస్కత్ తేవాలె. మొన్న జలుబు చేస్తే సరిహద్దుల సైరన్ కొట్టిన్రు, తుమ్ముల ఏమన్న బయటపడ్తదేమో అని!"

"ఏరీ సిపాయిలు?"

"మఫ్టీల ఉన్నరన్నా, గా ఎనకనే," అని వేలు వెనక్కి చూపించి, తనూ తల తిప్పాడు.

వేలి చివర ముష్తాక్ భాయ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నూనె మరకల కాగితాల కట్ట.

"ఎల్లప్ప భాయ్," అన్నాడాయన. లొల్లి చేయలేదు. చేస్తే బాగుండేది. "ఖైసర్ బేగం కొడుకు శుక్రవారం పొద్దుగాల దుబాయ్ కెల్లి దిగుతడు. సాయంత్రం నిఖా. వాని షేర్వానీకి ఇంకా బట్ట కత్తిరించలేదు. సోమవారం నువ్వొచ్చి ఏందో సరిచేసి పోయినప్పటి సంది మిషన్ కలుపుతలేదు. ఛాతీ పదకొండు, చెయ్యి మూడు అంటున్నది. ఎంత కలపాలె?"

"గది... పేరుల మొదటి అక్షరం భాయ్... కాదు, చివరిది..." ఎల్లప్ప కళ్లు మూసుకున్నాడు. కాగితంలోంచి నూనె మోచేతి దాకా కారింది. "సోమవారం ఆ సూత్రం మీదనే వేరేది కొట్టినట్టున్న."

"అబిడ్స్ కెల్లి కంప్యూటర్ చదువుకున్నాయనను తోల్కొచ్చిన. దీని గురించి ఎక్కడన్న రాసున్నదా అని ఒక్కటే అడిగిండు. లేదన్న. బ్యాగు సర్దుకున్నడు. పొద్దటి సంది దుర్గయ్య దగ్గర మిగిలిన కాగితాలు చూస్తున్న. ఆ పిల్లగాని పేజీ లేదు. ఎవరో బజ్జీ తిని పారేసిన్రు."

ఆయన ఎల్లప్ప చేతిలోని కాగితం తీసుకుని, మోకాలి మీద సాపు చేశాడు. ఆయన దుకాణంలో నలభై ఏళ్లు బట్ట కత్తిరించి, పోయిన రంజాన్‌లో కన్నుమూసిన దస్తగీర్ మామ ఉర్దూ రాత అది. ముష్తాక్ భాయ్ పైకి చదివాడు. "ఛాతీ నలభై. చెయ్యి ఇరవై నాలుగు. ఎడమ భుజం కొంచెం దిగి ఉంటది, లోపల దూది పెట్టాలె." పేరు చూశాడు. వేరే ఎవరిదో.

"దస్తగీర్ మామ గిరాకిని గల్లీల చూసినా కొలత చెప్పేటోడు, ఎల్లప్ప భాయ్. ఆయనకు కూడా అంత తలకాయల్నే ఉండె," అన్నాడు, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ. "అయినా రాసిండు."