చిలుకకు జవాబిచ్చిన వెల్డరు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఎముకల డాక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, ఎవరి కుర్చీ వారే తెచ్చుకుని ముందు వరుసలో దర్జాగా కూర్చున్న మిత్రులకు (నవ్వులు), చోటు చాలక గోడవార నిలబడ్డ వారికి కూడా నా నమస్కారాలు.

ఫిజియోథెరపిస్టుగా ఇన్నేళ్లూ అందరి చేతా "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ కాళ్లూ చేతులూ ఆడించిన నన్ను ఇవాళ రెండు ముక్కల్లో ముగించమంటున్నారు. అది అయ్యే పని కాదని అధ్యక్షులవారికి ముందే మనవి చేసుకుంటున్నాను.

చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లూ వాటిని బాగుచేసేవాళ్లూ కలుసుకోవడానికి మేం ఇంటర్నెట్టులో ఒక చిన్న ఇల్లు కట్టుకున్నామని మీకు తెలుసు. ఊరందరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టి పెత్తనం చేసే కంపెనీ సైటు కాదది. ఒక్కో గుంపుకీ ఒక్కో చిన్న సైటు; ఎవరి ఇంటి తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది, ఇంటికీ ఇంటికీ మధ్య తలుపులు మాత్రం తెరిచే ఉంటాయి. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. ఇల్లు కట్టాం, దీపం పెట్టాం, కూర్చున్నాం. పిట్ట కూడా వాలలేదు.

నా ఆడపడుచు ప్రోగ్రామర్. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, మా ఇంట్లో ఆ సగం లెక్క కూడా తప్పు. (నవ్వులు) నవ్వుతోంది చూడండి, కిటికీ పక్కన. ఆవిడే ఒకనాడు కూరగాయలు తరుగుతూ, "వదినా, ఖాళీ కొట్టు మెట్లు ఎవరెక్కుతారు? ముందు సందడి కనబడాలి" అంది. ఆ కంపెనీవాళ్ల పెద్ద సైటులో చక్రాల కుర్చీల గురించి జనం బహిరంగంగా అడిగే ప్రశ్నల్ని ఎప్పటికప్పుడు మా ఇంటర్నెట్టు ఇంట్లోకి నకలు తెచ్చిపెట్టే బాటు, అంటే తనంతట తనే పనిచేసుకుపోయే ప్రోగ్రాము, ఒకటి రాసింది. ప్రతి ప్రశ్న కిందా "ఇది బాటు తెచ్చినది, అడిగిన మనిషి ఇక్కడ లేరు" అని స్పష్టంగా పెట్టించాను. విన్నది విన్నట్టు అప్పజెప్పేది కాబట్టి అందరం దాన్ని చిలుక అన్నాం.

సందడైతే వచ్చింది. చదివేవాళ్లు పెరిగారు. కానీ ఎవరూ నోరు విప్పరు. ఒకాయన మొహం మీదే అనేశారు: "మేడమ్, పెళ్లికొడుకు లేని పెళ్లికి బాజాలెందుకండీ?" ఇక ఈ చిలుకను ఎగరేద్దామనే అనుకున్నాం.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. బస్సు కండక్టరుగా పనిచేసే ఒక తల్లి పెద్ద సైటులో రాసుకున్నది. కూతురి బ్యాటరీ కుర్చీ గతుకు తగిలితే చాలు, ఉన్నపళంగా ఆగిపోతోంది. ఒకసారి రోడ్డు దాటుతుంటే నడిమధ్యలో ఆగిందట. లారీవాడు బ్రేకు వేయబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచీ పిల్ల కాలేజీ మానేసి గదిలో కూర్చుంది. పెద్ద సైటులో ఆమె గోడు వేల గోడుల కింద పడి కొట్టుకుపోయింది. మా ఇంట్లో మాత్రం దాని కింద ఒక జవాబు మొలిచింది. రాసింది మన వెల్డరుగారు, స్వయంగా చక్రాల కుర్చీ మనిషి.

"మోటారు జోలికి పోకమ్మా. వెనక బ్రేకు లివరు దగ్గరికెళ్లే వైరు కొస వదులై ఉంటుంది. కుర్చీ ఆపేసి, దాన్ని నొక్కి చూడు."

నేను ఫోను చేసి, "ఆవిడ ఇక్కడ లేరండీ, మీరు జవాబిచ్చింది చిలుకకి" అన్నాను.

"తెలుసమ్మా. తెచ్చింది చిలకైనా, అడిగింది మనిషే కదా! చేరవేసే పని మీరు చూసుకోండి" అని పెట్టేశారు.

ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

పెద్ద సైటుకి వెళ్లి ఆ జవాబు ఆమెకి అందించాను. ఆమె మండిపడ్డారు. "ఎవరండీ మీరు? నా మాటలు మీ ఇంట్లో ఎందుకున్నాయి?" న్యాయమైన ప్రశ్నే. ఉన్నదున్నట్టు చెప్పి, వద్దంటే ఇప్పుడే తీసేస్తానన్నాను. దానికి ఆమె, "తీసేయడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వైరెక్కడుందో సరిగ్గా చెప్పమనండి" అన్నారు.

మర్నాడు మాకో వీడియో వచ్చింది. కూతురు గుమ్మం గడప మీదుగా దడాలున దిగింది, ఆగలేదు. కావాలని వెనక్కొచ్చి మళ్లీ దిగింది. వెనకనుంచి తల్లి గొంతు: "చాలు తల్లీ, గడప అరిగిపోతుంది!" (నవ్వులు, చప్పట్లు)

ఆ తల్లి మా ఇంటర్నెట్టు ఇంటికొచ్చారు, ఊరికే రాలేదు. "అడక్కుండా ఎవరి మాటా తేవద్దు. తెస్తే, జవాబు వెనక్కి మోసుకెళ్లాలి" అని ఖరాఖండీగా చెప్పారు. నా ఆడపడుచు చిలుకకి ఆ రెండూ నేర్పింది. అంతే, కథ తిరిగింది. జవాబు అందుకున్న ప్రతివాళ్లూ అది పుట్టిన చోటు చూడ్డానికి వచ్చారు, వచ్చినవాళ్లు పక్కవాళ్లకి జవాబిచ్చారు. పక్క ఇళ్లవాళ్లు తలుపుల్లోంచి తొంగిచూసి, వినికిడి యంత్రాలకొక ఇల్లు, కృత్రిమ కాళ్లకొక ఇల్లు సొంతంగా కట్టుకున్నారు. కిందటేడు పెద్ద సైటు పాత గుంపులన్నిటినీ ఒక్క ప్రకటనతో మూసేసినప్పుడు, మనవాళ్లెవరూ రోడ్డున పడలేదు. వాళ్లకి అప్పటికే ఒక ఇల్లుంది!

నేటితో ఈ ఇంటి బాధ్యత ఆ కండక్టరమ్మగారికి అప్పగిస్తున్నాను. ఎక్కించడం, దింపడం, సర్దుకోండి సర్దుకోండి అనడం ఆవిడకి నేర్పక్కర్లేదు. (నవ్వులు) ఈ పూలగుచ్ఛం నాకిచ్చారు గానీ, ఇందులో సగం నా ఆడపడుచుది, సగం వెల్డరుగారిది. వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది, దాచను. కానీ సంతోషం అంతకన్నా పెద్దది.

మీలో ఎవరికీ తెలియని ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. పోయిన నెలలో నా ఆడపడుచూ నేనూ ఎవరికీ చెప్పకుండా, పెద్ద సైటులో మిగిలిన కొద్ది ప్రశ్నల్ని ఇంకా మోసుకొస్తున్న చిలుకని ఆపేశాం. ఎవరైనా అడుగుతారేమోనని రోజూ చూశాం. మీ మాటల సందడిలో ఒక్కరూ గమనించలేదు!

మీ అందరికీ చేతులెత్తి కృతజ్ఞతలు. నా మాటలు ఇక్కడికి చాలు, ఇక మీ మాటలు సాగనివ్వండి. సెలవు.