అమ్మాయి తాబేలు

"గదికి తాళం వేసేటప్పుడు లోపల ఏముందో చూశారా అండీ?"

అని రేపల్లెలోని ఆ ఇంటాయన్ని భార్య అడిగింది. కూతురు లూథరన్ క్రైస్తవ కుర్రవాణ్ణి పెళ్ళాడి బాపట్ల వెళ్ళిన నాడే ఆయన ఆమె గదికి తాళం వేశాడు. ఆమె పెంచిన తాబేలు కోసం ఇల్లంతా వెతికిన భార్య, నెల తరవాత ఆ తాళం పగలగొట్టింది. గదిలో ఇంకా అమ్మాయి తలనూనె వాసన ఉంది. మంచం కింద దొరికిన తాబేలును గోరువెచ్చని నీళ్ళలో ఉంచింది.

"బతుకుతుందంటావా?"

"మెడ చాపిందండి. నీళ్ళు తాగుతోంది."

"తోటకూర పెట్టకపోయావా?"

"ముట్టలేదు. అమ్మాయి చేత్తో పెడితేనే తినేది."

"తాబేలుకు మనుషులు గుర్తుంటారా ఏంటి?"

"మీకు గుర్తులేదా?"

ఆయన నీళ్ళలో వేలు పెట్టి చూశాడు.

"చల్లారాయి. మార్చు."

"మారుస్తాను. తేరుకోగానే దీన్ని తీసుకుని బాపట్ల బస్సెక్కుతాను."

"నన్నడుగుతున్నావా?"

"లేదండి. చెబుతున్నాను."

చదువరీ, మీ ఇంట్లోనూ అలాంటి గది ఉంటే, ఈ పుట మూసి ముందు వెళ్ళి తాళం తీయండి.