అట్టముక్కల బజారు

చోడవరం బస్సు కాంప్లెక్సు ఎదురుగా పెదబాబు టీ కొట్టు. అక్కడ రెండో టీ పుచ్చుకుని గౌరీశంకర్ గొంతు సవరించుకున్నాడంటే, రావికమతం పోవలసిన ఆటో ఇప్పట్లో కదలదని అందరికీ తెలుసు. ఆటో అతనిదే మరి.

ఆ పొద్దు కబురు మేనకోడలు హిమబిందు గురించి. ఆ పిల్ల విశాఖలో ఆర్కిటెక్చరు ఆఖరి ఏడు చదువుతోంది. చోడవరం పాత కూరల బజారుని పడగొట్టకుండా, అక్కడున్నవాళ్ళని తరమకుండా, కొత్తగా ఎలా నిలబెట్టాలన్నది దాని ప్రాజెక్టు. నెల్లాళ్ళుగా మావయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, అట్టలు కోసి అతికించి, మంచమంత బజారు కట్టింది.

"కట్టింది ఆ గుంటే, కాదన్ను," అన్నాడు గౌరీశంకర్. "కానీ కప్పు ఐడియా ఎవరిదనుకున్నారు? అట్ట తిన్నగా పెడితే కుంగిపోతంది మావయ్యా అని ఏడుస్తంది. ఓసి పిచ్చిగుంటా, విసనకర్రలాగ మడతలెట్టి సూడు అన్నాను. అంతే! నిలబడిపోయింది."

నిజానికి అతను చేసిందల్లా జిగురు ఆరేదాకా రెండు గోడలు కదలకుండా పట్టుకోవడం. అయినా చెబుతున్నంతసేపూ అతనికి అబద్ధమాడుతున్నట్టే ఉండదు. ముందు నోరు పరిగెడుతుంది, దాని వెనకే నమ్మకం వచ్చేస్తుంది.

"మరి బరువు ఆగుతాదా బావా?" అన్నాడు పెదబాబు, పాలు తిరగబోస్తూ.

"ఆగడమా! జ్యూరీలో ఏటైందో తెలుసా? జ్యూరీ అంటే పెద్ద పెద్ద మేస్టర్లు కూకుని, కట్టినదాన్ని ఏకి పెడతారు. ఒకాయన ఇదే అడిగేడు. అనకాపల్లి బెల్లం దిమ్మ తీసి కప్పు మీదెట్టేను. కదల్లేదు. ఇంకోటెట్టేను. కదల్లేదు. ఆకరికి ఆ మేస్టార్నే ఎత్తి కూకోబెట్టేను. కాళ్ళు ఊపుకుంటా అక్కడే టీ తాగేడు!"

"అట్ట మీదా?"

"మడత పవరది బావా!"

బెంచీ చివర కూర్చున్న ఎర్రమ్మ నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ బజారులోనే కూరలమ్ముతోంది. వానొస్తే ఆమె కూర్చునే మూలకి మోకాలి లోతు నీళ్ళొస్తాయి. బజారు పడగొట్టేస్తారని ఒకడూ, ఊరవతలకి పంపేస్తారని ఒకడూ అంటుంటే ఆమెకి తిండి సయించడం లేదు.

"వానొస్తేనో బాబూ?" అంది.

గౌరీశంకర్ ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖం చూశాక తగ్గించి చెప్పబుద్ధి కాలేదు.

"అదే సెప్తన్నాను అప్పా, వానకి టెస్టు ఎట్టరా మరి? బిందెడు నీళ్ళు తెచ్చి కప్పు మీద పోసేరు. ఆ నీళ్ళు మడతల్లోంచి జారి, బుల్లి కాలవలో పడి, గుమ్మం దాటి, మెట్లు దిగి, తిన్నగా శారదా నదిలో కలిసిపోనాయి. నీ మూల ఉందే, అక్కడ సుక్క తడి లేదు. నేను సెయ్యెట్టి సూసేను."

ఎర్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అలాగైతే బాగుణ్ణు," అంది మెల్లగా.

ఇక గౌరీశంకర్‌ని ఆపేవాడెవడు?

"ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఇంకో మేస్టారు, లోపల వెలుతురెలాగుందో సూద్దారని గుమ్మంలోకి తల దూర్చేడు. తల ఎల్లింది, బుజాలెల్లేయి, కాళ్ళు కూడా ఎల్లిపోనాయి. మనిషి లేడు! అందరం ఎతుకుతన్నాం. ఓ గడియ పోయేక అవతలి గుమ్మంలోంచి వచ్చేడు. సేతిలో సంచీ. సంచీలో వంకాయలు!"

"వంకాయలా?" పెదబాబు చేతిలో పాలు పొయ్యి మీద ఒలికాయి.

"లేతవి. కరేపాకు కొసరు కూడా ఏసేరంట. వడ్డాది సంత మొత్తం అందులోకి దిగిపోయిందిరా బాబూ, బేరాలు బయటికి ఇనిపిస్తన్నాయి! పెద్దాఫీసర్లొచ్చి, క్రేను తెచ్చి దీన్ని ఇలాగే ఎత్తి సోడవరంలో దించేస్తామన్నారు. నేనే ఆపేను. మా గుంటకి ముందు మార్కులెయ్యండి, తర్వాత క్రేను అన్నాను."

"ఏసేరా మార్కులు?" అంది ఎర్రమ్మ ఆత్రంగా.

"ఎయ్యక! నూటికి నూట పది!"

"నూట పదా మావయ్యా?"

గొంతు వెనక నుంచి వచ్చింది. గౌరీశంకర్ తిరిగి చూస్తే హిమబిందు. చున్నీ నడుముకి బిగించి, రెండు చేతులకీ జిగురు మరకలతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"రా అమ్మా," అన్నాడు పెదబాబు. "మీ జ్యూరీ సంగతే ఇంటన్నాం."

"నేనూ ఇన్నాను. బాగానే జరిగింది," అంది ఆ పిల్ల తాపీగా. "కానీ జ్యూరీ ఇయ్యాల మద్యాన్నం పెదబాబు గారూ. ఇంకా అవ్వలేదు. మోడలు మా అరుగు మీదే ఉంది. ఆటో ఏదని ఈయన్ని ఊరంతా ఎతుకుతన్నాను."

కొట్టు దద్దరిల్లిపోయింది. పెదబాబు వడపోత గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఎర్రమ్మకి మాత్రం ఒక్క క్షణం ముఖం వాడిపోయింది. బిందు అది చూసి వచ్చి పక్కన కూర్చుంది.

"నీ మూల నిజంగానే ఎత్తు చేసేనమ్మా. కాలవా పెట్టేను. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలీదు. నేనైతే గట్టిగా అడుగుతాను."

"అయితే నేనూ వస్తాను పద," అంది ఎర్రమ్మ లేస్తూ. "దార్లో నీ అట్టల బజారుని పట్టుకోడానికి మనిషుండాల గదా."

గౌరీశంకర్ అప్పటికే తాళం చేతిలోకి తీసుకున్నాడు. ముఖంలో చిన్న బెరుకు కూడా లేదు. "జరగబోయేది ముందే సెప్పేను, అందులో తప్పేటుంది? ఏటే గుంటా, మీ మావయ్య మాట మీద నమ్మకం లేదేటి?"

"నీ కోతలకి భయం లేదు మావయ్యా," అంది బిందు. "నీ బ్రేకులకే నా భయమంతా."

మోడలు చెక్కుచెదరకుండా విశాఖ చేరింది. మేస్టర్లు ఏకి పెట్టారు, బిందు ప్రతి మాటకీ జవాబు చెప్పింది, చివరికి కప్పుని మెచ్చుకుని పాస్ చేశారు. మర్నాడు గౌరీశంకర్ టీ కొట్టుకి వచ్చి, చోడవరం నుంచి విశాఖ దాకా గుంతొచ్చిన చోటల్లా దిగి చూసుకుంటూ, నోరు విప్పకుండా ఆటో తోలానని చెప్పాడు.

ఈసారి చెప్పింది నిజమే. ఒక్కరూ నమ్మలేదు.